చెవిటిగది కంప్యూటర్

తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వాటి కింద, అప్‌డేట్లు జరుగుతున్నాయి, ముప్పై ఏడు శాతం పూర్తయింది, కంప్యూటర్‌ను ఆపకండి అని రాసి ఉంది. ఆపడానికి ఇక్కడెవరున్నారు, అతనొక్కడే ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బడిలో తప్పు చేస్తే కూర్చోబెట్టిన పిల్లాడిలా. పదకొండూ ఐదయింది. పన్నెండింటికి పక్క గదిలో కమిటీ కూర్చుంటుంది. ఈ వినికిడి కేంద్రంలో ఉన్నవి పన్నెండు కంప్యూటర్లు, అందులో ఒకదానికి సీలు వేసి బీరువాలో పెట్టారు, మిగతావాటిలో పది కంప్యూటర్లకు నిన్న సాయంత్రానికే అప్‌డేట్లు వేసేశాడు, ఇది ఆఖరిది. దీన్ని ఆఖరికి ఎందుకు ఉంచావని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక జవాబు మాత్రం సిద్ధం చేసుకున్నాడు, అద్దం ముందు రెండుసార్లు చెప్పి మరీ చూసుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఇక్కడ కంప్యూటర్లు చూసుకునేది అతనే, ఏ తెర నల్లబడ్డా ఏ ప్రింటరు కాగితం మింగినా అతనికే కేక వేస్తారు, ఈ గదిలో ఉంటే మాత్రం ఆ కేక కూడా వినపడదు. గోడలకు జానెడు మందాన మెత్తటి పలకలు, ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు, మొదటిది మూశాక గానీ రెండోది తీయకూడదు. పిల్లల వినికిడి పరీక్షించే గది కాబట్టి బయట చీమ తుమ్మినా లోపలికి వినపడకూడదని అలా కట్టారు. తల్లిదండ్రులు చుట్టుపక్కల లేనప్పుడు సిబ్బంది దీన్ని చెవిటిగది అంటారు. అతనూ నవ్వుతూ అనేవాడు, తన పాపను ఎత్తుకుని ఈ గదిలోకే వచ్చేదాకా.

ముప్పై తొమ్మిది. మూడు రోజుల కిందట ఇదే తెర మీద ఎర్రటి పలక, దాని మీద తాళం బొమ్మ, పక్కన వెనక్కి నడిచే గడియారం. మామూలు దొంగయితే సొమ్ము ఎత్తుకుపోతాడు. వీడు అలా కాదు, మన సొమ్ము మన ఇంట్లోనే ఉంచి, మనం తీయలేని తాళం వేసి, తాళంచెవికి వెల చెప్పి ఎక్కడో కూర్చుంటాడు. ఎవడు వాడు, ఎలా ఉంటాడు, వాడికీ ఒక పిల్ల ఉంటుందా, ఆ పిల్లకు చెవులు వినిపిస్తాయా. పద్నాలుగు వందల ముప్పై మంది పిల్లల ఫైళ్లు ఒక్క పూటలో పిచ్చి అక్షరాలైపోయాయి. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూ గుర్తులు, ఏ స్వరం ఎంత గట్టిగా పంపితే పిల్ల తల తిప్పింది, ఎంత గట్టిగా పంపితే ఉలిక్కిపడి ఏడ్చింది, ఒక్కో బిడ్డకు ఏడాది, రెండేళ్ల ఓపిక అది, చెప్పడం రాని పిల్లల దగ్గర కొంచెం కొంచెంగా రాబట్టిన లెక్క. చెవి వెనక పెట్టే యంత్రాన్ని ఆ లెక్క ప్రకారమే సరిచేస్తారు. యంత్రం బాగున్నన్నాళ్లూ ఫరవాలేదు. నిన్న ఒకామె విరిగిన యంత్రాన్ని డబ్బాలో పెట్టుకుని తెచ్చింది, కొడుకు మెట్ల మీంచి జారవిడిచాడట. కొత్తది ఇస్తారు సరే, అందులో ఏ లెక్క పెడతారు. మళ్లీ మొదటి నుంచి రావాలమ్మా అని డాక్టరు చెబుతుంటే ఆ నాలుగేళ్లవాడు ఒకసారి తల్లి నోరు, ఒకసారి డాక్టరు నోరు చూస్తూ నిలబడ్డాడు, వాడికి ఆ వేళ ఏమీ వినపడటం లేదు. అతను ప్రింటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి, వాళ్లు వెళ్లేదాకా లేవలేదు. ఏం పారేసుకున్నావురా అక్కడ, మొహమా?

ఆ దొంగను లోపలికి తెచ్చిన ఉత్తరం తెరిచింది పెద్దక్క. అందరూ అంటున్నది అదే, అందులో అబద్ధమూ లేదు. ఇరవై నాలుగేళ్లుగా ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునే మనిషి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటుంది, ఏడ్చే పిల్లల్ని చంకనేసుకుంటుంది, మొదటిసారి వచ్చి కుర్చీ అంచున కూర్చున్న తల్లుల పక్కకు తనే వచ్చి కూర్చుంటుంది, డైరెక్టరు మొదలుకుని ఊడ్చే మనిషి దాకా అందరికీ పెద్దక్కే. మా బాబు పాత రిపోర్టులు పంపుతున్నాం, కాస్త చూడండమ్మా అని ఉంది ఆ మెయిల్లో. తెరిచింది. తెరవక ఏం చేస్తుంది? కిందటేడు మీటింగు పెట్టి, తెలియనివాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మెయిల్ తెరవకండి అని బల్లగుద్ది చెప్పింది అతనే. అప్పుడామె చెయ్యెత్తి, మనకు రాసేవాళ్లలో తెలిసినవాళ్లెవరు తమ్ముడూ, బిడ్డకు వినపడట్లేదని నిన్ననో మొన్ననో తెలుసుకున్నవాళ్లే కదా అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వేసి తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఉన్న ఒక్క జవాబూ అప్‌డేట్లే. తెరవకూడని ఉత్తరం ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తారు, మనుషులు కదా, అందుకే కంప్యూటర్లలో కన్నాలు ఎప్పటికప్పుడు పూడ్చుకోవాలి. జరిగిందీ అలాగే. పెద్దక్క కంప్యూటర్లోకి దూరినవాడు అక్కడి నాలుగు కాగితాలు పాడుచేసి, తీగల వెంట బయల్దేరి ఒక్కో తలుపూ తట్టాడు, పది తలుపులు తెరుచుకోలేదు, ఆ పదీ అతను సరిగ్గా మూసినవే. పదకొండోది బార్లా తెరిచి ఉంది. పిల్లల ఫైళ్లన్నీ ఉన్నది ఆ పదకొండో దాంట్లో, అంటే ఇందులో. పదకొండు నెలలుగా దీనికి అప్‌డేట్లు రాకుండా ఆపి ఉంచింది పెద్దక్క కాదు.

నలభై నాలుగు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అంటారు, పడ్డాక ఆ బల్లికి ఏమనిపించిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్‌డేట్ల విషయంలో ఈ కేంద్రంలో అతను తిట్టని మనిషి లేడు. తెర మూలన చిన్న కిటికీ వస్తుంది, ఇప్పుడు వేయాలా, తర్వాత గుర్తుచేయాలా అని. అందరూ తర్వాత అనే నొక్కుతారు. పిల్లలకు మాటలు నేర్పే టీచరమ్మ మూడు నెలలు ఏకధాటిగా నొక్కింది, ఇదేంటమ్మా అంటే, అది అడిగినప్పుడల్లా నాకు పనుంటుంది మరి అంది, నిమ్మకు నీరెత్తినట్టు. గోడలకు కాగితాలు అంటించాడు, భోజనాల బల్ల దగ్గర చెప్పాడు, చివరికి విసిగిపోయి, మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అని గట్టిగా అనేశాడు. అన్నాక తెలిసింది ఎక్కడ నిలబడి అన్నాడో, ఎవరికి తండ్రి అయి ఉండి అన్నాడో. నాలుక కరుచుకున్నాడు. ఆ వేళ ఇంటికెళ్లి పాపను ఎత్తుకుని అరగంట దించలేదు, అది దించమని కాళ్లతో తన్నినా దించలేదు.

పదకొండు నెలల కిందట, పరీక్ష రోజున పాప కూర్చుంది ఈ కుర్చీలోనే, కాళ్లు నేలకు అందక. నాలుగేళ్లు దానికి. చెవిలో చప్పుడు వినిపించినప్పుడల్లా పళ్లెంలోంచి ఒక చెక్కముక్క తీసి డబ్బాలో వేయాలి, అంతే ఆట. చప్పుడు సన్నబడుతూ సన్నబడుతూ పోతుంది. ఉందో లేదో తెలియని చప్పుడు కోసం నలభై నిమిషాలు కదలకుండా కాచుకుని కూర్చోవడం పెద్దవాళ్ల వల్లే కాదు. అంతకుముందు మూడుసార్లు కుదరలేదు, ఒకసారి జ్వరం, ఒకసారి నిద్ర, ఒకసారి ఊరికే మొండితనం. నాలుగోసారి కుదిరింది. అద్దం అవతల అతనూ భార్యా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, డబ్బాలో చెక్కముక్క పడ్డప్పుడల్లా భార్య అతని మణికట్టు నొక్కుతోంది, ముప్పై ఒకటి, ముప్పై రెండు. అప్పుడు తెర నీలంగా మారి, అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్‌ను ఆపకండి అంది. తనే పెట్టిన గడువు అది, అందరికీ ఒకటే సమయం, ఎవరికీ మినహాయింపు లేదని తనే కాగితం అంటించాడు. పాపకు ఇదంతా ఏం తెలుసు. చెక్కముక్క పట్టుకుని కాచుకునే ఉంది. చప్పుడు రావడం లేదు. తనకే వినపడటం లేదనుకుంది. వినపడకపోయినా ఒకటి వేసి చూసింది, మెల్లగా ఇంకొకటి వేసింది, అందరి మొహాలూ చూసింది, తప్పు చేసిందానిలా మిగిలినవన్నీ ఒక్కసారే డబ్బాలో కుమ్మరించి బావురుమంది. డాక్టరు దాన్ని ఎత్తుకుని బయటికి తీసుకెళ్లింది, వెనకే భార్య వెళ్లింది, తలుపులు ఎవరూ వేయలేదు. అతనికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో కాదు, తన మీదే. ఆ మంటలోనే లోపలికొచ్చి కూర్చుని ఈ కంప్యూటర్‌కు అప్‌డేట్లు రాకుండా ఆపేశాడు, నీకు అప్‌డేట్లే ఆపేస్తున్నాను, ఇక నా కూతురి పరీక్ష మధ్యలో ఎవడొస్తాడో చూస్తాను అని పైకే అన్నాడు. పాప పరీక్ష అయ్యేదాకానే, పది రోజులే అనుకున్నాడు. తొమ్మిదో రోజున పరీక్ష అయింది, బాగా అయింది, ఆ సంతోషంలో మరిచిపోయాడు. అది నిజం. తర్వాత రెండుసార్లు గుర్తొచ్చింది, అదీ నిజమే, ఒకసారి స్నానం చేస్తుంటే, ఒకసారి టీచరమ్మను తిడుతుంటే. రేపు చూద్దాం అనుకున్నాడు. ఎప్పుడు చూసినా ఇక్కడ ఎవరో ఒకరి బిడ్డ పరీక్షలో ఉంటుంది, ఎవరి బిడ్డను ఏడిపించాలి? అలా పదకొండు నెలలు గడిచాయి.

యాభై ఎనిమిది. కంప్యూటర్ ఏదీ మరిచిపోదు, అదే దాని దుర్గుణం. ఎవరు, ఏ తేదీన, ఏ గంటకు ఏం మార్చారో లోపల తన పాటికి తను రాసుకుంటూ ఉంటుంది. నిన్న ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూశాడు. అతని లాగిన్, ఆ తేదీ, పదకొండూ ఇరవై ఏడు. కంచే చేను మేసిందని రాసి కింద వేలిముద్ర కూడా వేయించినట్టుంది. ఇవాళ పొద్దున డైరెక్టరు వచ్చి, పెద్దక్క కంప్యూటర్ సాక్ష్యంగా బీరువాలో ఉంది, అది చాలు, మిగిలిన ఈ ఒక్కటీ తుడిచేసి కొత్తగా వేసెయ్, పన్నెండుకల్లా రిపోర్టు రెండు పేజీలు కావాలి అన్నారు. ఇందులో ఏమైనా చూసుకోవాల్సింది ఉంటుందా సార్ అని అతను అడిగాడు. అడిగాడు, అది మాత్రం ఎవరూ కాదనలేరు. ఫైళ్లెలాగూ పోయాయిగా, ఇంకేం చూస్తాం అన్నారాయన. ఆయన తొందర ఆయనకుంది. ఫైళ్ల నకలు తీసి వేరే చోట దాచడానికి ఒక డిస్కు కావాలని అతను మూడుసార్లు రాసిచ్చిన కాగితాలు ఆయన సొరుగులో ఉన్నాయి, ఆ మాట రిపోర్టులో రాయకపోతే ఆయన కూడా ఇంకేమీ అడగరు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఒప్పందం కుదిరిపోయింది. తొమ్మిదిన్నరకు బటన్ నొక్కాడు. అంతా తుడిచేయమంటారా, ఇది వెనక్కి తీసుకోలేరు అని కంప్యూటర్ అడిగింది. అవును అన్నాడు. తొందరపెట్టింది డైరెక్టరే అని అప్పటి నుంచి వందసార్లు అనుకుని ఉంటాడు.

పొద్దున భార్య పళ్లెం ముందు పెడుతూ, ఆ రోజు ఏదో ఆపానన్నావే, అదేనా ఇది అని అడిగింది. అది వేరు అన్నాడు. మరి తప్పు ఎవరిదంటున్నారు అంది. పెద్దక్కదని అన్నాడు, నోట్లో ముద్ద ఉండగానే. ఆమె పాపను దగ్గరికి లాక్కుని చెవి వెనక యంత్రం సరిచేసింది, అది సరిగ్గానే ఉన్నా చాలాసేపు సరిచేసింది. నీకేం తెలుసు, అని అతను మనసులో భార్యతో పోట్లాడాడు, దారి పొడుగునా పోట్లాడాడు, ఈ ఉద్యోగం ఉండబట్టే కదా పాపకు ఇక్కడ ఎప్పుడు కావాలంటే అప్పుడు పరీక్ష, ఎప్పుడు కావాలంటే అప్పుడు డాక్టరు, ఉద్యోగం పోతే అదీ అందరి పిల్లల్లాగే ఆరు నెలలు వరసలో నిలబడాలి. అందరి పిల్లల్లాగే. ఆ అందరి పిల్లల ఫైళ్లే కదా పోయినవి, అన్నది ఎవరు, భార్య కాదు, ఆమె అప్పటికే పాపను తీసుకుని బడికి వెళ్లిపోయింది. పెద్దక్కకు ఇంకా రెండేళ్ల సర్వీసే ఉంది, ముందో వెనకో ఇంటికి వెళ్లాల్సిందే, ఆవిడకు వెనకా ముందూ ఎవరూ లేరు, నాకు పిల్ల ఉంది. ఇలా తూకం వేశాడు. తక్కెడ తన చేతిలోనే ఉంటే ఎటు మొగ్గుతుందో తెలియని పసివాడు కాదు. మూడు రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు, ఎక్కడ నొప్పో చెప్పడానికి లేదు. ఎవరైనా, ఎలా జరిగిందంటావ్ అని అడిగితే చాలు, వాళ్ల కంటే ముందే తల ఊపి, పాపం పెద్దక్క అంటున్నాడు. పాపం అన్న మాట అంత బాగా పనికొస్తుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

డెబ్భై ఆరు. ఎనభై ఒకటి. ఒక్కసారి తెర నల్లబడింది, మళ్లీ వెలిగింది. తొంభై నాలుగు. ఇంకా చెప్పొచ్చు. సాక్ష్యం పోయింది, నోరు పోలేదుగా. లోపలికి వెళ్లి, అయ్యా, ఉత్తరం తెరిచింది ఆవిడే, తలుపు తీసి పెట్టింది నేను అంటే సరిపోతుంది, రెండే ముక్కలు, పిల్లలు కూడా కూడబలుక్కుని చెప్పగలరు. మరి పొద్దున ఎందుకు తుడిచేశావు అంటారు. నిన్ననే ఎందుకు చెప్పలేదు అంటారు. మొన్న చెబితే ఒక తప్పు, నిన్న చెబితే రెండు, ఇవాళ మూడు. రేపటికి ఇంకా పెరుగుతుంది. నూరు శాతం. మీ కంప్యూటర్ సురక్షితంగా ఉంది అని పచ్చగా ఒక టిక్కు పెట్టి చూపించింది.

లోపలి తలుపు తెరుచుకుంది. పెద్దక్క. చేతిలో మడిచిన కాగితం. మూడు రోజుల్లో మనిషి సగమైంది, చీర మాత్రం ఎప్పటిలాగే మడత నలగకుండా కట్టుకుంది.

"అయిందా తమ్ముడూ?"

"ఇప్పుడే అయిందక్కా."

"నా కంప్యూటర్ బీరువాలో పెట్టేశారుగా. ఇది కాస్త కొట్టిపెడతావా? చేత్తో రాసింది కమిటీవాళ్లు తీసుకోరట."

అతను కుర్చీ జరిపి, ఆమెకు స్టూలు వేశాడు. కొత్తగా కడిగిన పలకలా ఉన్న తెర మీద మొదటి కాగితం తెరిచాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, ముక్క ముక్కగా చెప్పింది. మొన్న సోమవారం పొద్దున వచ్చిన మెయిల్ తెరిచింది నేనే. అది నా పని అనుకుని తెరిచాను. దానివల్ల పిల్లల ఫైళ్లు పోతాయని నాకు తెలియదు. అతని వేళ్లు ఆ మాటల వెనకే నడిచాయి.

"'నా అజాగ్రత్త వల్ల' అని ఒక మాట ఉండాలన్నారక్కా, డైరెక్టరు గారు. అలా రాస్తే విచారణ ఉండదట, గౌరవంగానే పంపిస్తారట."

"అజాగ్రత్తా?" ఆమె కళ్లద్దాలు పైకి నెట్టుకుంది. "సరే, పెట్టు."

పెట్టాడు. ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశాడు. ఆమె కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది, ఇప్పుడు చెప్పబోయేది అందులో లేదు.

"ఇంకో మాట చేర్చు. కంప్యూటర్లు చూసే అబ్బాయి తన పని తను సరిగ్గానే చేశాడు. ఇందులో అతని తప్పేమీ లేదు."

"అదెందుకక్కా ఇప్పుడు?" అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఉండనీ. రాయి."

అతని ఒంట్లోకి, మూడు రోజుల తర్వాత మొదటిసారి, చల్లగా ఏదో దిగింది. అది ఊరట. సిగ్గు కూడా వేసింది, వేయలేదని కాదు, కానీ ఊరట ముందొచ్చింది, సిగ్గు దాని వెనక వచ్చింది. ఆ చివరి మాటలు కొట్టాడు. 'సరిగ్గానే' దగ్గర ఒక అక్షరం తప్పు పడితే వెనక్కి వెళ్లి దిద్దాడు. ప్రింటరు కాగితాన్ని మింగకుండా బుద్ధిగా బయటికిచ్చింది. పెద్దక్క దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, బల్ల అంచున పెట్టి, నిదానంగా సంతకం చేసింది. లేచి నిలబడింది.

"పాప పరీక్ష మధ్యలో ఇది ఆగిపోయిన రోజున, తర్వాతి పిల్లాడి కాగితాలు తీసుకుని నేనీ తలుపు దగ్గరే ఉన్నాను తమ్ముడూ," అంది, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "నువ్వు తిట్టుకుంటూ దీనికి అప్‌డేట్లు ఆపెయ్యడం విన్నాను. అప్పుడు నాకేం అర్థం కాలేదులే. మొన్న, ఈ ఒక్కదాంట్లోకే ఎలా దూరాడని అందరూ మాట్లాడుకుంటుంటే అర్థమైంది. నేను చెబితే ఎవరు నమ్ముతారు, కంప్యూటర్ గురించి నేనా చెప్పేది? నువ్వే చెబుతావని మూడు రోజులు చూశాను."

అతను కీబోర్డును బల్ల లోపలికి నెట్టాడు.

"ఇందాక ఆ చివరి మాట చెప్పాను చూడు, దాని దగ్గరైనా నీ చెయ్యి ఆగుతుందనుకున్నాను." కాగితం తీసుకుంది. "ఎంత చక్కగా కొట్టావో!"

తిట్టినట్టు కూడా అనలేదు. లోపలి తలుపు వేసుకుంది, ఆ వెనక రెండోది కూడా వేసుకుని ఉంటుంది. పన్నెండుకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి. లేచి ఆమె వెనకే వెళ్లి ఆ రెండు ముక్కలూ చెప్పడానికి అది చాలు. అతను తెర వైపు తిరిగాడు. ఆ ఉత్తరాన్ని మూసేస్తుంటే, భద్రపరచమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవును అని నొక్కాడు.